కావేరి వెలిగించిన నగరము

శ్రావణమాసపు ఒక ఆదివారమునాడు తెల్లవాఱుజామున మా కుమారుడు కారు తెచ్చి వాకిట నిలిపినప్పుడు బెంగుళూరు ఇంకను పూర్తిగా మేల్కొనలేదు. వీధిదీపములు వెలుగుచునే యుండెను, పాలబండివాడొక్కడే మా సందున తిరుగుచుండెను. నా భార్య రాత్రియే కలిపియుంచిన పులిహోర గిన్నెను గుడ్డతో మూటగట్టి ఒడిలో పెట్టుకొని వెనుకసీటున కిటికీప్రక్కను చేరినది. కోడలును తొమ్మిదేండ్ల మనుమరాలును ఆమెకు తోడైరి. నన్ను ముందు కూర్చుండబెట్టిరి. మేము పోవుచున్నది సుమారు 130 కిలోమీటర్ల దూరముననున్న శివనసముద్ర జలపాతమునకు. వేసవి సెలవులలోనే పోవుదమని పిల్ల పట్టుపట్టినను నేను సమ్మతింపలేదు. చైత్రవైశాఖములలో అచ్చట చూడదగినది నల్లని శిల. కొడగుకొండలలో నైరుతి వానలు దిగి, కబిని నిండి, కన్నంబాడి ఆనకట్ట తలుపులు తెఱచిరను వార్త పత్రికలలో వచ్చిన పిమ్మటగాని ఆ శిలకు ప్రాణము రాదు. ఈ యేడు ఆ వార్త ఆషాఢము చివరనే వచ్చినది.

కనకపుర మార్గమున నగరపు చివరి మేడలు వెనుకబడి, తాతగుణి దాటి, కొబ్బరితోటలును మల్బరిచేలును కానవచ్చునప్పటికి తెల్లగా తెల్లవాఱినది. ఆ బాట పొడవునను, కొన్నిచోట్ల భూమిలో దాగియు కొన్నిచోట్ల బయల్పడియు, మహాకాయములగు ఉక్కుగొట్టములు మాకు తోడుగా వచ్చుచుండెను. మనుమరాలు వానిని చూచి, "తాతా, ఆ పైపులో మనిషి నిలబడి నడవచ్చునా?" అని అడిగినది.

"కొన్నింటిలో నడవచ్చు తల్లీ."

"దాంట్లో ఏం పోతుంది?"

"పోవడం కాదు, వస్తుంది. మనం చూడబోయే నీళ్ళే మనకు ఎదురొస్తున్నాయి."

పిల్ల నమ్మలేదు. తండ్రివంక చూచినది, ఆతడు నవ్వి తల యూచెను. ఆ జలపాతమునకును ఈ నగరమునకును గల సంబంధము నూటయిరువది సంవత్సరములకు పైబడినది. ఆ సంబంధమును ఎఱుగక కేవలము వినోదార్థమై పోయి, నురుగు చూచి, ఛాయాచిత్రము తీసికొని మరలివచ్చు వేలకొలది కుటుంబములలో మాదియు ఒకటి కాకూడదని నాకు తోచి, దారిపొడవునను పిల్లకు చెప్పుచు పోయితిని. చెప్పినదానిలో ఆ పిల్లకు పట్టినదెంతో నేనెఱుగను గాని, చెప్పుకొనుచు పోగా నాకే ఎన్నో సంగతులు ఒకదానికొకటి అతుకుకొని, ఈ వ్యాసముగా పరిణమించినవి.

కావేరి తలకాడు ఇసుకమేటలను దాటి తూర్పునకు వచ్చి, శివనసముద్రమను దీవిని చుట్టుకొనుటకై రెండు పాయలుగా చీలి, పడమటి పాయ గగనచుక్కి యనియు తూర్పు పాయ భరచుక్కి యనియు పేర్కొనబడు రెండు జలపాతములై, దాదాపు 320 అడుగుల లోతునకు దుముకుచున్నది. చుక్కి యనగా కన్నడమున చుక్కయే. ఇంత జలరాశిని చుక్క యని పిలిచినవారి హృదయమును నేను చాలసేపు తలపోసితిని. ఆకాశమునుండి రాలినట్లు కనబడుటచే ఆ పేరు పెట్టియుందురు. శ్రీరంగపట్టణమున ఆదిరంగడు, తిరుచిరాపల్లి శ్రీరంగమున అంత్యరంగడు, నడుమ ఈ దీవియందు మధ్యరంగడు. కావేరి ఒడిలో శయనించిన ఈ మూర్తులను మువ్వురిని ఒక్క పగటిలో దర్శించుట మహాపుణ్యమని భక్తులు నమ్ముదురు. మన పెద్దలకు నీటిపతనమును చూచుటకై ప్రయాణము చేయు నలవాటు లేదు. దేవుని చూడబోయి, ప్రక్కనే నీటిని చూచి చేతులు జోడించి వచ్చెడివారు. గగనచుక్కి ఒడ్డుననే ఒక దర్గాయు ఉన్నది. అచ్చటికి వచ్చు ముసల్మానులును అట్లే మ్రొక్కు తీర్చుకొని, పిల్లలను వెంటబెట్టుకొని ఒడ్డున కూర్చుండి నీరు చూచుచుందురు.

తెలుగువారమగు మనకు ఈ దీవి పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కిన కొలది సంవత్సరములలోనే కత్తి దూసినది ఉమ్మత్తూరు పాలెగాడైన గంగరాజుపైని. ఆ గంగరాజునకు బలమైన కోట యున్నది ఈ దీవిమీదనే. రెండు పాయల నడుమ, కొండరాళ్ళ చాటున నున్న ఆ దుర్గమును పట్టుకొనుటకు రాయల సేనలు దీర్ఘకాలము ముట్టడి సాగింపవలసివచ్చెను; కడకు కోట పడెను, గంగరాజు కావేరిలో పడి మరణించెను. కళింగ దిగ్విజయమును గూర్చి, కొండవీటిని గూర్చి మన పుస్తకములలో విస్తరించి వ్రాసికొన్నాము గాని, ఆ చక్రవర్తి తొలివిజయములలో ఒకటి ఈ నీటిమ్రోత వినబడు చోటనే జరిగెనని ఎందఱకు జ్ఞాపకమున్నది? పిమ్మట ఆ నగరము శిథిలమై అడవి క్రమ్మినది. 1800లో ఫ్రాన్సిస్ బుకానను దొరయను వైద్యుడు దేశమును పరిశీలించుచు ఇటు వచ్చి, ఆ శైథిల్యమును జలపాతమును చూచి తన యాత్రాగ్రంథమున వర్ణించెను.

ఆ పాడుపడిన దీవికి మరల జనసంచారము కలిగించినవాడు రామస్వామి మొదలియారను దాత. 1830 ప్రాంతములలో ఆతడు రెండు పాయలమీదను రాతికంబముల వంతెనలు కట్టించి, ఆలయములను బాగుచేయించెను. ప్రభుత్వము మెచ్చి ఆతనికి జాగీరును, జనోపకార కామకర్త యను బిరుదును ఇచ్చినది. ఇనుప దూలములు లేని దినములలో, వరదకు తలయొగ్గక నిలుచునట్లు ఒక్కొక్క కంబమును చెక్కి, నదీశిలలో గుంటలు తొలిచి నాటిరి. అందొక వంతెనలో కొంత 2018 వరదలో కొట్టుకొనిపోయినది. మిగిలిన కంబములను మేము చూచితిమి; బురదనీరు వానిని ఒరసికొని పోవుచుండగా నా కుమారుడు కారు దిగి, చాలసేపు మాటలాడక నిలుచుండెను. ఆతడు వంతెనలు కట్టు ఇంజనీరు.

గగనచుక్కిని చూచుటకు ఎదుటి గట్టున కట్టిన మెట్లపైకి చేరునప్పటికి ఎండ వచ్చినది. నేను పూర్వమొకమారు వేసవిలో ఇచ్చటికి వచ్చియుంటిని. అప్పుడు నల్లరాతి గోడపైని తెల్లదారములవలె రెండు మూడు ధారలు వ్రేలాడుచుండెను. ఇప్పుడు రాయి యెక్కడిదో నీరెక్కడిదో తెలియలేదు. నీరు దుముకుచున్నదనుటకన్న, కొండయే కరగి జాఱుచున్నదనిన సరిపోవును. క్రిందనుండి లేచిన పొగమంచు మా ముఖములపైకి వచ్చి పడుచుండెను. నా భార్య కొంగు తలపైకి లాగుకొని, కన్నులు మూసికొని ఏదో స్తోత్రము గొణుగుకొనుచుండెను. ఆ మ్రోతలో కోడలు పిల్లచేయి గట్టిగా పట్టుకొని నిలిచినది. ఆ నీరంతయు ఆ పతనమున పడుటలేదని నేను ఎఱుగుదును. ఎగువన ఆనకట్టయొద్ద కొంత నీరు కాలువలోనికి మరలి, దీవి అంచువెంట నడచి, ఇనుపగొట్టములగుండ 400 అడుగులకు దగ్గరి యెత్తునుండి క్రిందనున్న యంత్రశాలలోనికి దుముకుచున్నది. స్థానికులు ఆ ప్రదేశమును బ్లఫ్ అని పిలుతురు. ఇంగ్లీషున నిట్టనిలువు కొండచఱియకు పేరగు ఆ మాట కన్నడపు నోళ్ళలో ఊరిపేరై నిలిచిపోయినది.

19వ శతాబ్ది చివర మైసూరు రాజ్యమునకు దివానుగా నుండినవాడు సర్ కె. శేషాద్రి అయ్యరు. చామరాజేంద్ర ఒడయరు 1894లో అకాలమరణము చెందగా, కుమారుడు బాలుడగుటచే, మహారాణి వాణీవిలాస సన్నిధానము రాజప్రతినిధిగా రాజ్యభారము వహించియుండెను. రాజ్యమున క్షామపు మచ్చలింకను మానలేదు. 1898లో బెంగుళూరును మహామారి పట్టుకొని వీధులను నిర్జనములు చేసినది. అట్టి కాలమున, నీటిపతనమునుండి విద్యుత్తును పుట్టించి తొంబది మైళ్ళ దూరమునకు తీగెపై పంపుదమను మాట ఎంత సాహసమో నేటివారికి తోచదు. అమెరికాలోని నయాగరా జలపాతమునుండి బఫలో నగరమునకు విద్యుత్తు చేరినది 1896లో. ఆ దూరము ఇరువది మైళ్ళకు కొంచెము మించినది. మన దేశమున డార్జిలింగు కొండపైని 1897లో వెలసిన చిన్న జలవిద్యుత్కేంద్రము ఆ పట్టణమునకు దీపములు పెట్టుటకు మాత్రము చాలినది. ఇట్టి అనుభవము లోకమున ఇంకను కొంచెముగా నున్న వేళ, మైసూరు ఇంజనీరింగు శాఖలో పనిచేయుచుండిన కెనడా దేశస్థుడు కాప్టెను జోలీ ద లోట్బినియేరు తన ప్రణాళికను దివానుముందు పెట్టెను. దివాను ఆతనిని అమెరికాకును యూరపునకును పంపి, నూతన విద్యుద్యంత్రములను చూచి రమ్మనెను.

అయినను విద్యుత్తునకు కొనువాడు ముందుగా కావలెను. ఆ కొనువారు కోలారు బంగారు గనులవారు. 1880 నుండి జాన్ టెయిలర్ సంస్థవారు ఆ గనులను నడుపుచుండిరి. చాంపియను రీఫు అను బంగారు పొర దొరకిన పిమ్మట గనులు లోతునకు, ఇంకను లోతునకు దిగజొచ్చినవి. రాతిని దంచు మిల్లులను, నీరు తోడు పంపులను, క్రిందివారికి గాలి పంపు కంప్రెసరులను నడుపుటకు ఆవిరియంత్రములే ఆధారము. వానికి కట్టెలు చాలక, బొగ్గును దూరదేశమునుండి రప్పింపవలసివచ్చెడిది. కావున గనులవారు విద్యుత్తును తీసికొందుమని ఒడంబడిక చేసికొనిరి. నదికి ఒక గట్టు మైసూరుదియు రెండవగట్టు చెన్నపట్టణపు ప్రభుత్వముదియు నగుటచే, కొళ్ళేగాలము నాడు కోయంబత్తూరు జిల్లాలోనిదగుటచే, ఆ ప్రభుత్వపు సమ్మతియు కావలసివచ్చినది, అదియు లభించినది. టర్బైనులు స్విట్జర్లండులోని జూరిచ్ నగరపు ఎషర్ విస్ కర్మాగారమునుండియు, విద్యుజ్జనకములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వారినుండియు వచ్చినవి. సముద్రముమీద వచ్చిన ఆ బరువులను రైలు దించినచోటినుండి కొండకొమ్మువఱకు ఎడ్లబండ్లతోను ఏనుగులతోను ఈడ్పించిరని అచ్చటి జనులు నేటికిని చెప్పుకొందురు.

1902 జూన్ 30వ తేదీన ఆ విద్యుత్తు గనులకు చేరినది. ఒక్కొక్కటి 720 కిలోవాట్ల సామర్థ్యముగల ఆరు జనకములు, 35,000 వోల్టుల ఒత్తిడి, 92 మైళ్ళ తీగె. నాటి ప్రపంచమున ఇంత దీర్ఘమగు విద్యుత్తీగెలు మిక్కిలి అరుదు. శేషాద్రి అయ్యరు దానిని చూడలేదు. 1901 మార్చిలో ఆతడు అనారోగ్యముచే పదవి విడిచి, సెప్టెంబరులో కాలధర్మము నొందెను. నేడు ఆ కేంద్రమునకు ఆతని పేరే పెట్టియున్నారు. బెంగుళూరు కబ్బన్ ఉద్యానమున ఆతని విగ్రహమున్నది. ఆ విగ్రహమును నేనెన్నిమార్లు చూచితినో గాని, తన సంకల్పము వెలుగుటకు తొమ్మిదినెలలు ముందు కన్నుమూసినవాడని తెలిసిన పిమ్మట చూచినప్పుడు మాత్రమే నాకు గొంతు పట్టుకొన్నది.

ఇచ్చట మా యింటి మాట యొకటి చెప్పవలెను. మాది వెంకటగిరికోట ప్రాంతము. కోలారు గనులు మాకు పొరుగు. చిత్తూరు, ఉత్తరార్కాడు సీమలనుండి తెలుగువారును తమిళులును వానకాలము తప్పిన యేడెల్ల ఆ గనులకు పోయెడివారు. మారికుప్పము, రాబర్ట్‌సన్‌పేట అను పేర్లు మా యిండ్లలో బంధువుల యూళ్ళ పేర్లవలె వినబడుచుండెను. మా తాతగారి తమ్ముడు, మేము చిన్నతాత అని పిలుచువాడు, చాలయేండ్లు భూగర్భమున పనిచేసెను. భూమి లోపల రాయి ఒక్కుమ్మడిగా పగిలి ప్రేలుటను గనులలో ఏర్ బ్లాస్టు అందురు. ఆ మాట ఆతడు మెల్లగా పలుకుచుండుట నాకు జ్ఞాపకము. ఒకనాటి రాత్రి, మా యూరికి మొట్టమొదట విద్యుద్దీపము వచ్చి అందఱును దానిక్రింద కూడి సంబరపడుచుండగా, ఆయన మాత్రము ఆశ్చర్యపడక కూర్చుండి ఇట్లనెను: "మీకు ఇప్పుడొచ్చింది గానీ, మాకు ఎప్పుడో వచ్చిందిరా. పైన మిల్లు తిరిగేది, కింద మాకు ఊపిరాడేది కావేరమ్మ దయే. ఆ తల్లిని నేను ఎప్పుడూ చూడలేదు."

ఆ చివరిమాట నన్ను విడువలేదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చిన్నతాతయు ఎన్నడో పోయెను. గగనచుక్కి ఎదుట నిలిచి నేను మ్రొక్కినప్పుడు ఆయన పక్షమునను మ్రొక్కితిని.

బంగారమునకై పుట్టిన ఆ విద్యుత్తులో మిగిలినది నగరమునకు వచ్చినది. ఇది చాలమందికి తెలియని క్రమము: జలపాతము మొదట వెలిగించినది గనిని, పిమ్మట పట్టణమును. కేంద్రమున జనకములను పెంచి, 1905 ఆగస్టు 5వ తేదీన బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగించిరి. 1537లో కెంపేగౌడ మట్టికోట కట్టి నెలకొల్పిన పేటలో, నేడు కృష్ణరాజేంద్ర మార్కెట్టున్న ప్రాంతమున ఆ తొలిదీపములు నిలిచెనని చెప్పుదురు. ఆ కెంపేగౌడయే తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానమును రచించెనని ప్రసిద్ధి. ఊరు పుట్టిననాటినుండియు మన భాష ఆ వీధులలో వినబడుచునే యున్నది. అంతవఱకు మునిసిపాలిటీ కొలువుకాండ్రు సాయంసమయమున నిచ్చెనలు మోసికొనిపోయి, కిరసనాయిలు దీపములను ఒక్కొక్కటిగా ముట్టించి, తెల్లవాఱినప్పుడు ఆర్పుచుండెడివారు. ఆ దినమునుండి ఆ నిచ్చెనల పని తగ్గినది. మైసూరు నగరము ఈ భాగ్యమునకు మరి మూడేండ్లు, 1908 వఱకు, వేచియుండవలసివచ్చినది. రాజధానికన్న ముందు బెంగుళూరునకు దీపము వచ్చుట, గనులకు పోవు తీగె ఈ వైపునకు పోవుటవలననే కావచ్చునని నా యూహ.

తీగె కట్టినంత సులభముగా నదిని కట్టలేకపోయిరి. వర్షాకాలమున గట్లు తెగునంత నీరు. మాఘఫాల్గుణములు వచ్చుసరికి యంత్రములకు చాలనంత సన్నని ధార. గనులవారికి ఇచ్చిన మాట ఏడాదిపొడవునను నిలుపుకొనవలెను. అందుకు నదిని ఎగువనే ఎక్కడనో ఆపి దాచుకొనక తప్పదు. ఆ అవసరమునుండి పుట్టినదే కన్నంబాడి, అనగా కృష్ణరాజసాగరము. మండ్య చెఱకుచేల కథ, బృందావన ఉద్యానపు కథ జనులు చెప్పుకొందురు గాని, ఆ ఆనకట్టకు అనుమతి లభించుటకు చూపిన ముఖ్యకారణములలో శివనసముద్రపు యంత్రములకు ఎడతెగని నీరు చేర్చుట యొకటి. 1909లో ముఖ్య ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1911లో పని యారంభించి, 1915 నాటికి కట్టను కొంత యెత్తునకు లేపి, గనులకు కావలసిన నీటిని నిలిపిరి. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వలసపోయిన తెలుగువారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చి ఉస్మాన్ సాగరునకు, హిమాయత్ సాగరునకు దారి చూపినదియు ఆయనయే. హైదరాబాదునకు వరదను తప్పించుట, బెంగుళూరునకు చీకటిని తప్పించుట, రెండును ఒకే చేతిగుండ పోయినవి.

మధ్యాహ్నము భరచుక్కియొద్దకు పోయితిమి. అచ్చట నీరు ఒక్క గోడగా గాక, వెడల్పుగా చీలికలు చీలికలుగా, చెట్లనడుమనుండి దిగుచుండెను. నీరు తక్కువగా నున్నప్పుడు మెట్లు దిగి, పుట్టి యెక్కి, జలపాతపు పాదములవఱకు పోవుదురట; ఆ దినమున వరద మిక్కుటమగుటచే పుట్టివారు తమ తోలుగిన్నెలను గట్టుపై బోర్లించి కూర్చుండిరి. చెట్టునీడను అందఱమును విస్తళ్ళు పఱచుకొని పులిహోర తింటిమి. "నీళ్ళ పక్కన తింటే ఇంత రుచా అవ్వా!" అని పిల్ల మాటిమాటికి అనుచుండెను. నా భార్య మురిసిపోయి, కోడలికని దాచియుంచిన ముద్దను గూడ దానికే పెట్టినది.

మరలివచ్చునప్పుడు మళవళ్ళి దాటి, తొరెకాడనహళ్ళియొద్ద మా కుమారుడు వేగము తగ్గించెను. "నాయనా, ఇక్కడి నుంచే మన ఇంటికి నీళ్ళు" అని చేయి చూపెను. దానిని గూర్చి కొంత వివరముగా చెప్పక తీఱదు. బెంగుళూరు సముద్రమట్టమునకు దాదాపు 3,000 అడుగుల యెత్తున, ఏ పెద్దనదియు లేనిచోట వెలసిన నగరము. పూర్వులు చెఱువులు త్రవ్వికొని బ్రదికిరి. 19వ శతాబ్ది చివరి దశకమున అర్కావతిపై హెసరఘట్టనుండియు, 1933లో తిప్పగొండనహళ్ళినుండియు నీరు తెచ్చుకొనిరి. అవియు చాలక, 1974లో మొదటిసారిగా కావేరిని నగరమునకు తెచ్చిరి. శివనసముద్రమునకు ఎగువనున్న ఆ ఆనకట్ట ప్రాంతమునుండియే నీటిని తీసికొని, తొరెకాడనహళ్ళిలో శుద్ధిచేసి, అచ్చటను హారోహళ్ళియొద్దను తాతగుణియొద్దను మూడు అంచెలుగా పంపులతో ఎత్తి, నూఱు కిలోమీటర్ల దూరమును, అరకిలోమీటరు ఎత్తును దాటించి తెచ్చుచున్నారు. మొదటి దశలో దినమునకు 13 కోట్ల 50 లక్షల లీటర్లు. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఐదవదశ యొక్కటియే 77 కోట్ల 50 లక్షల లీటర్లు.

ఇందలి చిత్రము నాకు ఆ బాటమీదనే తట్టినది. నూటయిరువదియేండ్లకు పూర్వము ఆ నీరు క్రిందికి దుముకుటచే విద్యుత్తు పుట్టి నగరమునకు వచ్చినది; నేడు విద్యుత్తు వెచ్చించి ఆ నీటినే పైకెత్తి నగరమునకు తెచ్చుచున్నారు. ఏ పల్లమునకై నది కోట్ల యేండ్లు కొండను కోసికొన్నదో, ఆ పల్లమును చేరకముందే నేడది వెనుదిరిగి కొండ యెక్కుచున్నది. శివనసముద్రపు యంత్రములు ఇప్పటి నగరపు అవసరమున నేమూలకును చాలవు. నగరమునకు వెలుగు ఎక్కడెక్కడినుండియో వచ్చుచున్నది. నీటికి మాత్రము కావేరియే పెద్ద దిక్కు. ఈ నీటిలో వంతుకై రెండు రాష్ట్రములు శతాబ్దికి పైగా వాదులాడుకొనుచున్నవి. 1892లోను 1924లోను జరిగిన ఒడంబడికలు నేటికిని న్యాయస్థానములలో ప్రస్తావనకు వచ్చుచునే యున్నవి. దిగువ తంజావూరు మడులలో నాట్లు వేయువాడును, బెంగుళూరున కుళాయి త్రిప్పువాడును చూచుచున్నది ఒకే మేఘమును. ఎవరి పక్షమున మాటలాడుటకు నాకు అర్హత లేదు. నేను ఆ నీరు త్రాగుచున్నవాడను.

హారోహళ్ళి దాటునప్పటికి ప్రొద్దు క్రుంకినది. పిల్ల అవ్వ ఒడిలో నిద్రపోయినది. నగరము సమీపించిన కొలది దీపములు ఒకటొకటిగా, పిమ్మట గుంపులుగా, కడకు ఆకాశమే క్రింద పఱచినట్లుగా కానవచ్చినవి. తాతగుణియొద్ద వాహనములు బారులు తీఱి నిలిచిపోయినవి. కిటికీ దించి వింటిని గాని, పంపుల మ్రోత వినబడలేదు, బండ్ల మ్రోతయే వినబడినది.

ఇల్లు చేరునప్పటికి రాత్రి పదిగంటలు. బెంగుళూరు ఇండ్లలో నీటికి రెండు పేర్లు: బోరు నీళ్ళు, కావేరి నీళ్ళు. కావేరి నీళ్ళు మా వీధికి దినము విడిచి దినము, రాత్రివేళ వచ్చును. మా కోడలు చెప్పులు విడువకముందే వాకిట నిలిచి చెవియొగ్గి, "మామా, కావేరి వచ్చినట్టుంది" అని, పోయి సంపు మూత యెత్తి, చేతిదీపముతో లోనికి చూచినది. మనుమరాలు కన్నులు నులుముకొనుచు వచ్చి, మోకాళ్ళమీద కూర్చుండి, ఆ చీకటిగుంటపై తల వంచినది. లోపల సన్నగా, ఎడతెగక, నీరు పడుచున్న చప్పుడు.

"తాతా, ఇది పొద్దున మనం చూసినదేనా?"

"అదే తల్లీ."

పిల్ల ఇంక లేవలేదు. సంపు నిండి నీరు పైయంచునకు వచ్చువఱకు అక్కడనే కూర్చుండి వినుచుండెను.